తిరగేసిన కాలర్

వాన మొదలైన కాసేపటికి దర్జీ కొట్టు బడిగా మారిపోయేది. కప్పు కారే బడి నుంచి పిల్లలు పుస్తకాలు చొక్కాల కింద దాచుకుని పరుగున వచ్చి, గుడ్డముక్కల మధ్య సర్దుకుని కూర్చునేవారు. వాళ్లలో దర్జీ మనవరాలూ ఉండేది. బడి పైకప్పుకని వచ్చిన డబ్బు ఆ ఊరు గెలిపించిన నాయకుడి బావమరిది మేడలో తేలిందని పత్రికలు రాసి నెలైనా కాలేదు.

చిత్రమేమిటంటే, నింద పడ్డాకే నాయకుడి వెంట జనం రెట్టింపయ్యారు. తనను అన్యాయంగా ఏకాకిని చేశారని కళ్లు తుడుచుకుంటూ ఆయన తన పోరాట నిధికని విరాళాల డబ్బా తిప్పుతుంటే, తడిసిన పిల్లల తండ్రులే ముందు వరసలో నిలబడి నోట్లు వేశారు. అయ్యో పాపమంటే ఆర్నెల్ల పాపం చుట్టుకుంటుందన్న సామెత మనకు తెలియనిదా? తెలుసు. అయినా వేస్తాం.

దర్జీది మాత్రం పాత ప్రేమ. మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు నాయకుడు కుర్రవాడు. ఉన్న ఒక్క మంచి చొక్కా కాలర్ మడత దగ్గర చిరిగితే ఈ కొట్టుకే వచ్చాడు. దర్జీ కాలర్ విప్పి, చిరిగిన వైపు లోపలికి, బాగున్న వైపు పైకి తిరగేసి కుట్టాడు. అంతసేపూ ఆ కుర్రవాడు బనియనుతో ముక్కాలిపీట మీద కూర్చుని, గెలిస్తే బడికి గట్టి కప్పు వేయిస్తానని కబుర్లు చెప్పాడు. దర్జీ భార్యను వదినా అని పిలిచి రెండోసారి టీ అడిగి తాగాడు. గెలిచిన రోజు మళ్లీ వచ్చి, ఆ చొక్కా దాచమని దర్జీ చేతిలో పెట్టాడు. ఎంత మంచి రోజులవి!

ఇప్పుడు ఆ చొక్కాను వేలం వేస్తే నిధి పెరుగుతుందని ఎవరో సలహా ఇచ్చారు. ఒక వాన పొద్దున నాయకుడే కెమెరాలతో వచ్చి, అదే పీట మీద కూర్చున్నాడు. అన్నా అని పిలిచేసరికి దర్జీ కళ్లు చెమ్మగిల్లాయి. పెట్టె తెరిచి చొక్కా తీసి, ఇస్త్రీ కూడా చేశాడు.

ఈలోగా నాయకుడు తల తుడుచుకుంటున్న మనవరాలిని చూశాడు.

"ఏమ్మా, ఇవాళ బడి లేదా?"

"వానొస్తే మాకు బడి ఉండదండీ."

నాయకుడు ఆ పిల్ల బుగ్గ నిమిరి, కెమెరా వైపు తిరిగి, చొక్కా కోసం చెయ్యి చాపాడు. దర్జీ వదల్లేదు. దర్జీ వేలు కాలర్ మడత మీదే ఆగింది. ఎన్నో ఏళ్ల తర్వాత పాత పిలుపు నోట వచ్చింది.

"తమ్ముడూ, కాలర్ ఒక్కసారే తిరగెయ్యగలం. మళ్లీ తిరగేస్తే పైకొచ్చేది పాత చిరుగే. అప్పుడు చిరిగింది గుడ్డ, కుట్టాను. ఇప్పుడు చిరిగింది నువ్విచ్చిన మాట. అది నావల్ల కాదు."

నాయకుడు నవ్వేసి లేచాడు. ఆ సాయంత్రం సభకు జనం విరగబడి వచ్చారనీ, డబ్బా నిండిందనీ కబురు తెలిసింది. దర్జీకి కోపం రాలేదు, దుఃఖం వచ్చింది. చొక్కా మడతపెడుతుంటే భార్య దగ్గరకొచ్చి, అప్పుడు పీట మీద టీ తాగిన ఆ అబ్బాయి మంచివాడే కదండీ అంది.

"మంచివాడే. వాడి మీద ప్రేమ పోదు. కానీ వాణ్ణి తలుచుకుని ఈయన డబ్బా నింపితే, తడిసేది మన పిల్లలే."