పుట్టింటి సాక్ష్యం

మాది నాలుగు తరాల క్రైస్తవం. మా ముత్తాతగారు మిషను దొరగారి చేతుల మీదుగా కాలువలో మునిగి లేచారట. ఆ తరువాత పుట్టినవాళ్ళమంతా ఉయ్యాల్లోనే క్రైస్తవులం. చెప్పుకోవడానికి ఒక్క పాపమైనా మిగల్చకుండా పెంచారు మమ్మల్ని. అందుకే కూటాల్లో సాక్ష్యం చెప్పమంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. "నేను సువర్ణ టీచరునండి, చిన్నప్పటి నుంచీ ఆదివారం బడికి వెళ్ళేనండి" అంటే ఎవరు వింటారు? ముందు వరసలో ఆడవాళ్ళు విసనకర్రలు విసురుకుంటూ చింతపండు ధర మాట్లాడుకునేవారు.

సాక్ష్యమంటే కొత్తగా మారినవాళ్ళదే. ఒకప్పుడు తానెంత చెడ్డవాడో, ఎంత చీకట్లో బతికాడో, ప్రభువు ఎలా చెయ్యి పట్టి లాగాడో చెప్పాలి. చీకటి ఎంత చిక్కగా ఉంటే అంత గట్టిగా స్తోత్రాలు పడతాయి. ఈ విద్యలో నగరం అనే మా ఊరి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మా పేతురే మొనగాడు.

పేతురు అంటే అంతకు ముందు మంగరాజు. కొబ్బరి దింపు తీసే మనిషి. వాళ్ళింట్లో మగవాళ్ళు తరతరాలుగా అమ్మవారి గరగ ఎత్తేవారు. పూలు చుట్టిన ఇత్తడి గరగను చేత్తో పట్టుకోకుండా నెత్తిన నిలబెట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, డప్పుల మధ్య ఊరంతా ఆడుతూ తిరిగేవారు. మంగరాజు ఆడుతూ మా వీధి మలుపుకు వచ్చేసరికి మేము కిటికీలు మూసుకుని సందుల్లోంచి చూసేవాళ్ళం. చూడటం పాపం కదా, అందుకని సందుల్లోంచి.

ఒక ఏడు కొబ్బరిచెట్టు మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. అమలాపురం ఆస్పత్రిలో నెలల తరబడి మంచం మీదే ఉన్నాడు. మా పాస్టరు జోజిగారు వారం వారం బస్సెక్కి వెళ్ళి పక్కన కూర్చుని పాటలు పాడేవారు. లేచి నడిచిన రోజున, "నేను కూడా మీ ప్రభువు దగ్గరికి వచ్చేస్తానండి" అన్నాడట.

వాళ్ళ అక్క పైడమ్మ ఏమంటుందోనని ఊరంతా ఎదురుచూసింది. పాకే వయసులో తల్లి పోతే అతన్ని పెంచింది ఆవిడే. గరగ కట్టే పూలు గుచ్చేదీ ఆవిడే. తీరా చూస్తే, బాప్తిస్మం రోజున కాలువ గట్టు మీద కొత్త తెల్లచొక్కా పట్టుకుని నిలబడింది. "నువ్వు బతికేవు, అది చాల్రా. ఏ దేవుడి దగ్గరుంటే నాకేంటి?" అని తడిసిన తల తానే తుడిచింది.

అక్కడి వరకూ అంతా బాగానే ఉంది. సాక్ష్యాల దగ్గరే వచ్చింది చిక్కు.

మొదటిసారి మా గుడి ముందు పందిట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చెట్టు మీద నుంచి పడ్డానండి, ప్రార్థన చేసేరండి, లేచేనండి. పది మాటల్లో అయిపోయింది. పై ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకులు తృప్తి పడలేదు. "ఇంకా చెప్పు బ్రదర్! ఆ చీకటి గురించి చెప్పు!" అన్నారు. పేతురు బుర్ర గోక్కుని, "ఒక మేకను కోసేనండి" అన్నాడు. పందిరంతా "స్తోత్రం!" అంది. ఆ రుచి మరిగాడు మహానుభావుడు. మామిడికుదురులో ఒక మేక, రాజోలు వెళ్ళేసరికి మంద అయింది. కొత్తపేటలో కల్లు కుండలు కూడా వచ్చి చేరాయి. గరగ ఎంత ఘోరమైనదో చెప్పడానికి మొదలుపెట్టి, ఎలా ఆడేవాడో చూపిస్తూ ఉంటే, వేదిక మీద అతని కాళ్ళు వాటంతటవే లేచేవి. డోలక్ సత్యం చెయ్యి కూడా ఊరుకునేది కాదు. జోజిగారు దగ్గేవారు. తాటిపాక ఆయిలు కంపెనీలో పనికి వచ్చిన అరవవాళ్ళు మాట ఒక్కటీ అర్థం కాకపోయినా ఆ ముక్క చూడటానికే వచ్చేవారు.

ఇక చివర్లో ఒక మాట చెప్పి అందరి చేతా కళ్ళు తుడిపించేవాడు. "తల్లి లేదు, తండ్రి లేడు. ఆ చీకటింట్లో నాకు ముద్ద పెట్టిన చెయ్యి లేదండి!" ఆడవాళ్ళకు ఆ మాటంటే మహా ఇష్టం.

ఎనభై మూడులో అతని కూతురు పుష్పలతకు పెళ్ళి కుదిరింది. మా గుడిలోనే బుధవారం పెళ్ళి, ఆ ముందు ఆదివారంతో మూడు రోజుల కూటాలు ముగింపు. శనివారం ఉదయం పేతురు మా అరుగు మీదికి వచ్చి శుభలేఖ నా చేతిలో పెట్టాడు.

"మా అక్కకి మీరివ్వాలండి టీచరుగారూ. ఏడాదై మా గుమ్మం తొక్కలేదండి. నేనెళ్తే తలుపేసుకుంటన్నారు."

"ఎందుకయ్యా?"

"అమ్మవారిని వదిలేసేనని కోపమండి. ఇంకేముంటాదండి? అక్క రాకపోతే నాకది పెళ్ళిలాగే ఉండదండి."

నేను వెళ్ళేసరికి పైడమ్మ పంచలో కూర్చుని చీపుర్ల కోసం కొబ్బరాకు చీరి ఈనెలు తీస్తోంది. పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది. శుభలేఖ మాత్రం ముట్టుకోలేదు.

"పెళ్ళికూతురి మేనత్తగారిని పిలవడానికి వచ్చేనండి."

"ఏ మేనత్తండి? ఆయనకి అక్కుందా?"

"అదేం మాటండీ?"

"మైకులో చెప్తన్నాడు కదండీ, ముద్ద పెట్టిన చెయ్యే లేదని. మీరు కూటం పెట్టినప్పుడల్లా ఒక బాకా మా వీధి వైపు తిప్పుతారాయె. వినకుండా ఎక్కడికి పోనండి?"

"అయితే అమ్మవారిని వదిలేశాడని కాదా మీ కోపం?"

"అమ్మవారి సంగతి అమ్మవారు చూసుకుంటారండి. నా సంగతి ఎవరు చూస్తారు?" అని మళ్ళీ ఆకు చీరడం మొదలుపెట్టింది. ఆ వేళ్ళ నిండా సన్నటి గాట్లు. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఆ మాట విని చెంగుతో కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను మరి!

"నాతో చెప్తే ఏం లాభమండీ? ఆ మైకు దగ్గరికే వచ్చి చెప్పండి!" అని విసురుగా లేచి వచ్చేశాను. నిజంగా వస్తుందని నేనేమీ అనుకోలేదు.

ఆదివారం సాయంత్రం పందిరి నిండిపోయింది. పేతురు లేచాడు. గరగ దగ్గర కాళ్ళు ఆడాయి, డోలక్ మోగింది, జోజిగారు దగ్గారు. అంతా మామూలే. "ఈ పాపిష్టి చేతులతో ఎన్ని మేకల్ని..." అంటూ చేతులు పైకెత్తాడు.

"ఒరే మంగా! ఎప్పుడు కోసేవురా?"

అందరం వెనక్కి తిరిగాం. పైడమ్మ కొంగు నడుముకు దోపుకుని ఆడవాళ్ళ మధ్య నుంచి వస్తోంది.

"కత్తి కనబడితే చాలు కళ్ళు తేలేసేవాడివి! నా కొంగులో మొహం పెట్టుకుని జాతరలో కోసే మేక కోసం ఏడ్చేవాడివి. నువ్వు కోసేవా మేకని? కల్లు తాగేవా? కల్లు ముంత మన వీధిలోకొస్తే వాంతి చేసుకునేవాడివి కదరా!"

పందిరి ఘొల్లుమంది. నవ్వకూడదని జోజిగారు రుమాలు నోట్లో కుక్కుకున్నారు. ప్రసంగీకులు మాత్రం, "ఎవరీ సిస్టర్? ఎవరీవిడ?" అని అటూ ఇటూ చూస్తున్నారు. అప్పటికే ఆవిడ వేదిక ఎక్కి తమ్ముడి ఎదురుగా, మైకు పక్కనే నిలబడింది. ఆవిడకు తెలియదు గానీ ప్రతి మాటా ఊరంతా వినబడుతోంది.

"నువ్వు ఏ దేవుణ్ణి కొలుచుకున్నా నేనొద్దన్నానట్రా? నీ దేవుడు వెలుగంటే వెలుగే, కాదనను. కానీ నేను పెట్టిన ముద్ద చీకటి కాదురా."

నవ్వులు ఆగిపోయాయి. అక్క కోపం దేని మీదో పేతురుకు ఏడాదికి తెలిసింది పాపం.

ప్రసంగీకులకు కార్యక్రమం చెయ్యి జారిపోతోందని కంగారు. "సాక్ష్యం పూర్తి చెయ్యి బ్రదర్, సాక్ష్యం!" అన్నారు.

పేతురు మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఈవిడ మా అక్కండి. పైడమ్మగారు. మా అమ్మ పోతే నన్ను చంకనేసుకుని ఊడ్పులకెళ్ళేరండి. తను గంజి తాగి నాకు అన్నం పెట్టేరండి. మేకలు అబద్ధమండి. కల్లు కూడా అబద్ధమే. జాతరకి నాకు గజ్జెలు ఈవిడే కట్టేవారు. అప్పుడు... అప్పుడు నాకు సంతోషంగానే ఉండేదండి."

ఇలాంటి సాక్ష్యం మా పందిట్లో ఎవరూ వినలేదు. ఇప్పుడు స్తోత్రం అనాలో వద్దో తెలియక ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"మరి సంతోషంగా ఉంటే ఎందుకొచ్చావు బ్రదర్?" అన్నారు ప్రసంగీకులు, కాస్త చిరాగ్గానే.

పేతురు మైకును మళ్ళీ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "ప్రభువు పిలిచేరండి, వచ్చేను. అత్తారింటికొచ్చిన పిల్ల, పుట్టింట్లో తిండి లేకే వచ్చేనని చెప్పుకుంటాదా అండి? నేను మంచి ఇంటి నుంచే వచ్చేనండి."

జోజిగారు లేచి నిలబడి, "ఆయ్. దేవునికి స్తోత్రం" అన్నారు నెమ్మదిగా. ఆ వెనకాల మేమంతా అన్నాం. ఎంత గట్టిగా అన్నామంటే పందిరి తాటాకులు రాలాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. నా మటుకు నేను గొంతు పోయేలా అరిచాను. నాలుగు తరాలుగా సాక్ష్యం లేనిదాన్ని, ఆ రోజు ఎంత ఆనందపడ్డానో చెప్పలేను.

పైడమ్మ కొంగు తీసి తమ్ముడి మొహం తుడిచింది. "ఇంతమందిలో ఏడుపేంట్రా, పెళ్ళి పెట్టుకుని. నలుగుపిండి ఆడించేవా?"

"లేదక్కా."

"బుధవారం పెళ్ళి పెట్టుకుని ఇంకా ఆడించలేదేంట్రా?"

"నువ్వు రాకుండా పిల్లకి నలుగెవరు పెడతారని..." అన్నాడు పేతురు.

పైడమ్మ అతని భుజం మీద ఒక్కటి చరిచింది. "పద, పెసలు ఎక్కడున్నాయో చూపించు" అని అంతమంది ముందు చెయ్యి పట్టుకుని వేదిక దింపి తీసుకుపోయింది.