వేడికి చెల్లని కూపను

కంపెనీ మూతపడ్డాక మా మూతికి మిగిలింది కూపను ఒక్కటే. ఈ అరబ్బు ఊరి పేరు ఖబూరా. జీతం కబురు తప్ప అన్ని కబుర్లూ వస్తాయి. ఒక ధర్మసంస్థ వాళ్లు శుక్రవారం శుక్రవారం వచ్చి, మనిషికొక కూపను, పేరు రాసి మరీ ఇచ్చి వెళ్తారు. సూపర్ మార్కెట్లో అది చూపిస్తే బియ్యం, పప్పు, బ్రెడ్డు, పెరుగు ఇస్తారు. కూపను అంటే కూటికి పనికొచ్చేది అని మొదట్లో నేనే అందరికీ అర్థం చెప్పాను. తర్వాత వెనక్కి తిప్పి చూశాం. చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంది: వేడిగా అమ్మే వంటకాలకు చెల్లదు.

బియ్యం ఇస్తున్నారుగా, వండుకోండి అంటారు మీరు. గ్యాసు లీకవుతోందని మేముండే క్యాంపు వంటగదికి తాళం వేసి ఇరవై రోజులైంది. ఆవరణలో పొయ్యి వెలిగిస్తే క్యాంపు ఖాళీ చేయిస్తామన్నారు. కెటిల్ పెడితే జనరేటరే చల్లబడుతోంది. దాంతో బియ్యం సంచులు తలకింద దిండ్లయ్యాయి. బ్రెడ్డు, పెరుగు, మళ్లీ బ్రెడ్డు.

నేను ఆ కంపెనీలో స్టోర్ కీపర్ని, కాకినాడ మనిషిని. నా మాటలకు క్యాంపంతా నవ్వేది. ఈమధ్య మానేశారు. నేను మాత్రం కట్టేసినా కారే కుళాయిలా వదులుతూనే ఉన్నాను.

ఇస్తారిది నా పక్క మంచం. జగిత్యాల వైపు మేస్త్రీ. మొన్న వాళ్లమ్మ రాములవ్వ పోయింది. మా పాస్‌పోర్టులన్నీ ముదీర్ దగ్గర. ఆ మేనేజరు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. దహనం ఇస్తారి ఫోన్లోనే చూశాడు. ఏడవలేదు. చూడటం అయిపోయాక ఫోన్ ఛార్జింగుకు పెట్టాడు.

ఈరోజు మూడో రోజు. పదకొండింటికి తమ్ముడు సురేందర్ ఫోన్ చేశాడు. స్పీకర్లో నాకూ వినిపిస్తోంది.

"అన్నా, పిట్ట ముడ్తలేదే. పొద్దుగాల్నుంచి పెట్టి కూసున్నం. ఒక్క కాకి దిగుతలేదు."

"ఏం పెట్టిండ్రు?"

"బువ్వ, కోడికూర, కల్లు, అన్నీ పెట్టినం. పెద్దమ్మ ఏమంటున్నదంటే, పెద్దకొడుకు చేతి ముద్దకు అవ్వ చూస్తున్నదట. నువ్వక్కడ పెట్టు. ముట్టిందని నువ్వు చెప్తెనే మేం తింటం. సంగీత సుత రాత్రి తిన్న మనిషే. తినుమంటె తినదు."

సంగీత సురేందర్ భార్య. ఏడో నెల. ఆ ఇంటి పద్ధతి అది. పోయినవాళ్లకు పెట్టింది పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ఎత్తరు. పొద్దుగూకితే పిట్టలు దిగవు. అక్కడి పొద్దు మనకంటే గంటన్నర ముందే గూకుతుంది.

"సారూ, కోడికూర బువ్వ గావాలె. వేడిది" అన్నాడు ఇస్తారి.

"చల్లగా ఉంటే ఏమవుద్దయ్యా? కాకికేం తెలుసు?"

"మా అవ్వ సల్లది తినదు సారూ. పొగలెల్తేనే పళ్లెం ముందల కూసుంటది. లేకుంటె లేసిపోతది."

"అంటే కాకికి కాక కావాలంటావు."

వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. చెప్పులు వేసుకున్నాం.

సూపర్ మార్కెట్లో వేడి వంటల కౌంటరు దగ్గర తహ్సీన్ ఉంటాడు. హైదరాబాదీ, తెలిసినవాడు. అద్దం లోపల కూర ఉడుకుతున్నట్టే ఉంది. ఆవిరికి అద్దం మసకబారింది. ఇస్తారి కూపను తీయగానే తహ్సీన్ గరిటె కింద పెట్టేశాడు.

"ఇది నడ్వదు భాయ్. మెషీన్ల కొడితే ఎర్ర లైటొస్తది. గరం ఖానాకు మనా."

"చచ్చిపోయిన మనిషి కోసమయ్యా" అన్నాను.

"మెషీన్‌కు ఏం తెల్సు జయదేవ్ భాయ్, ఎవరు సచ్చిండ్రో."

ముద్ద అడిగినవాడు ముద్దాయిలా నిలబడ్డాడు. వెనక లైను పెరుగుతోంది. తహ్సీన్ జేబులో చెయ్యి పెట్టాడు. "పోనీ నేనిస్తా. తీస్కపో."

"వద్దన్నా" అన్నాడు ఇస్తారి. "అవ్వకు నా చేతిదే పెట్టాలె. కూపన్ మీద నా పేరున్నది."

తహ్సీన్ జేబులోంచి చెయ్యి తీసేశాడు. "అట్లయితే మూడింటి దాక ఆగు. మిగిలింది డబ్బాలల్ల పోసి ఫ్రిజ్‌ల పెడ్తం, స్టిక్కర్ కొడ్తం. అది నడుస్తది."

"అదే కూరా?" అన్నాను.

"అదే కూర. అదే కోడి."

చల్లారితే చెల్లుతుంది. ఇంత మంచి మాట నా నోటికి ఈ ఏడాదిలో రాలేదు. చెప్పడానికి ఎవరున్నారు? ట్రాలీల పక్కన నేలమీద కూర్చున్నాం. వేడుకుంటే వేడిది దొరకదని మరొకటి తట్టింది. అదీ మింగేశాను. ఈమధ్య నేను మింగుతున్నవి ఎక్కువగా ఇవే.

మిగలాలి కదా. ఒక్కొక్కళ్లూ వచ్చి కూర కట్టించుకుపోతున్నారు. గరిటె గరిటెకూ ఇస్తారి కళ్లు ఆ ట్రేలో కిందికి దిగుతున్నాయి. రెండున్నరకి అడుగు కనపడింది. తహ్సీన్ ఎటో చూస్తూ రెండు ముక్కలు మూలకు నెట్టి, వాటిమీద అన్నం కప్పాడు. సురేందర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇస్తారి ఎత్తలేదు.

మూడింటికి డబ్బా ఫ్రిజ్‌లోకి పోయింది, ముప్పావుగంటకు ఫ్రిజ్‌లోంచి మా చేతికొచ్చింది. పచ్చ లైటు వెలిగింది. డబ్బా మంచుముక్కలా ఉంది. కూర మీద కొవ్వు తెల్లగా పేరుకుంది.

ఉపాయం నాదే. క్యాంపు గేటు దగ్గర కంపెనీ పికప్ ఒకటి టైర్లు లేకుండా పడి ఉంది. జూన్ ఎండలో దాని బానెట్ మీద చెయ్యి పెడితే చర్మం అంటుకుంటుంది.

"గంటలో కాగిపోద్ది. అక్కడింకా ఆరు కాలేదు. పొద్దుందిలే" అన్నాను.

ఇస్తారి డబ్బా బానెట్ మీద పెట్టాడు. అడుగున ఇనుము వేడి, పైన ఎండ వేడి, రెండూ తగిలితే తొందరగా కాగుతుందనుకున్నాడు. మూత తీశాడు. మేస్త్రీ బుద్ధి, తడి గోడకు ఎండ తగిలించినట్టు.

ఖబూరాలో చేపల రేవు ఉంది. కాకులకు కొదవ లేదు. మూత తీసి పక్కన పెట్టేలోపే ఒకటి దిగింది. కాలుముక్క ముక్కున కరుచుకుని గోడ మీదికి, గోడ మీంచి అవతలికి పోయింది.

"ముట్టింది" అన్నాను.

"సల్లగుండె" అన్నాడు.

వాడు గోడ వైపే చూస్తున్నాడు. ఫోన్ మోగింది. ఈసారి ఎత్తాడు.

"అన్నా, ఏమాయె?"

"ముట్టింది."

"నిజంగనా? మంచిగ తిన్నదా?"

"ఆ."

"వేడిగున్నదా? పెద్దమ్మ అడుగుతున్నది. పొగలెల్తున్నయా అని."

ఇస్తారి డబ్బాలోకి చూశాడు. "ఎల్తున్నయ్" అన్నాడు. "సంగీతకు ముందుగాల పెట్టుండ్రి."

అవతల పళ్లేల చప్పుడైంది. ఎవరో చెంబుతో నీళ్లు పోస్తున్నారు. ఇస్తారి ఆ చప్పుడు వింటూ ఉండగా ఫోను దానంతటదే కట్టయింది.

పికప్ నీడలో కూర్చున్నాం. గంటకు కొవ్వు కరిగింది. ఇంకాసేపటికి కూర అంచుల్లో చిన్న బుడగలు లేచాయి. ఇస్తారి వేలుపెట్టి చూసి వెనక్కి లాక్కున్నాడు.

లేచి, అట్టమూత మీద ముద్ద చేసి, దాని మీద రెండో ముక్క పెట్టి, గోడ మీద ఉంచి వచ్చాడు. దాన్నుంచి నిజంగానే సన్నగా పొగ లేస్తోంది. కాకులన్నీ అప్పటికి సముద్రం వైపు పోయాయి, పడవలొచ్చే వేళ. వాడు అటే చూస్తూ కూర్చున్నాడు. ముద్ద మీద పొగ ఆగిపోయింది. ఏదీ రాలేదు.

"సారూ, మీరు తినుండ్రి" అన్నాడు.

"నువ్వో?"

"తింట. మీరు తినుండ్రి."

తిన్నాను. ఇరవై రోజుల తర్వాత వేడి బువ్వ. ఊదుకోవాలన్న సంగతి మరిచిపోయాను. నాలుక కాలింది. ఆ తర్వాత డబ్బాలో ఉన్నదాని రుచేమిటో నాకేమీ తెలియలేదు. ఒక పక్క అడుగు కనపడేదాకా తిని, మిగతా సగం వాడివైపు జరిపాను.