దొరసానికి దొరికిన పని

చేటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతున్న సరస్వతి ముందు పీట వాల్చుకొని కూర్చుంది అత్త భద్రమ్మ. అంత దగ్గరకు వచ్చి కూర్చుందంటే ఏదో పని పడిందన్నమాటే.

"గోపాల్ పెండ్లాం ఏదో కొలువు చేస్తనని పట్టు పట్టిందట. నువ్వు ఎంబడి పో. ఊరు తెల్వనిది, మాట తెల్వనిది. బడిల పంతులమ్మ పనైతే సరే, ఇజ్జత్ ఉంటది. ఇంకేది దొరికినా దొరకలేదని చెప్పు. ఆమెకేమెరుక?"

సరస్వతి తల ఊపింది. పదకొండేండ్లుగా ఆ ఇంట్లో ఆమె మెడ నేర్చిన విద్య అదొక్కటే.

వాళ్లది వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణం. పెద్దకొడుకు కిషన్ రావు సరస్వతి భర్త. చిన్నవాడు గోపాల్ మిల్లు పని నేర్చుకుంటానని ఇంగ్లండు వెళ్లి, ఆరేండ్ల తర్వాత తండ్రి పోయాడన్న తంతి అందుకొని తిరిగొచ్చాడు. ఒక్కడే రాలేదు, బ్రెండాను కట్టుకొని వచ్చాడు. అది డెబ్బై ఏడో సంవత్సరం. భద్రమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు కోడలికి విజయలక్ష్మి అని పేరు మార్చి, అప్పుడు కంచం ముందు కూర్చుంది. తన పేరు ఏమైందో బ్రెండాకు అర్థం కావడానికి వారం పట్టింది. బజారులో మాత్రం చిన్నకోడలు లండన్‌లో బీయే చదివిందని చెప్పుకున్నారు. ఆ మాట పుట్టించింది గోపాలే.

బ్రెండా బీయే చదవలేదు. లండన్ ఆమె ఊరూ కాదు. పదిహేనో ఏట బడి మానేసి తల్లి వెంట ఉన్ని మిల్లుకు పోయిన పిల్ల. నేసిన బట్టను వెలుతురులో పరిచి, తెగిన పోగునూ తప్పిన పోగునూ వేలికొసలతో వెతికి పట్టుకొని, సూదితో మళ్లీ నేతలో కలపడం ఆమె పని. డాబా మీద బట్టలు ఆరేస్తూ ఇదంతా ఆమె సరస్వతికి ఇంగ్లీషులో చెప్పింది. మెట్రిక్‌లో నేర్చిన ఇంగ్లీషు పప్పుడబ్బాల మధ్య పడి చచ్చిపోయిందనుకుంది సరస్వతి. చావలేదు. మొదట ఒక్కో మాటా తడుముకుంది, తర్వాత వాక్యాలు వచ్చాయి. మగవాళ్లు దుకాణానికి పోయాక, ఇంట్లో ఎవరికీ అర్థంకాని మాటల్లో నవ్వుకోవడం ఎంత సుఖమో ఆమెకు ముప్పై ఏండ్లు వచ్చాక తెలిసింది.

"నాకు స్పెల్లింగు రాదక్కా," అంది బ్రెండా. "బడి అంటే ఇప్పటికీ భయం. నా చేతులకు పని కావాలి. లేకపోతే నేను ఈ ఇంట్లో ఒక బొమ్మను."

ఇద్దరూ రిక్షా ఎక్కి తిరిగారు. బ్యాంకులో ఈ దేశపు పౌరసత్వం కావాలన్నారు. టెలిఫోన్ ఆఫీసులో తెలుగు, ఉర్దూ రాకపోతే ఎట్లా అన్నారు. నూలు మిల్లు మేనేజరు టీ తెప్పించి, తన ఇద్దరు పిల్లలకు సాయంత్రంపూట ఇంగ్లీషు చెబుతుందేమో అడగమన్నాడు. విత్తనాల కంపెనీ ఆయనా అంతే. అందరికీ ఆమె నోరే కావాలి. ఎక్కడికి వెళ్లినా కుర్చీ బ్రెండాకు వేశారు, సరస్వతి నిలబడే ఉంది. నీకేం వచ్చమ్మా అని సరస్వతిని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదో ఆమెకూ తెలియదు. పొద్దున అయిదింటికి లేచి పదిమందికి వండి వడ్డించడం వచ్చు అని చెబితే, అదీ ఒక పనేనా అని వాళ్లు నవ్వేవాళ్లు కాదా?

చివరికి కొత్తవాడలో జంపఖానాలు నేయించే సారంగపాణి కార్ఖానాకు వెళ్లారు. షెడ్డులో ఎనిమిది మగ్గాలు ఆడుతున్నాయి. బ్రెండా ఎవరినీ అడగకుండా మూలన మడతపెట్టిన ఒక జంపఖానా తీసి, వాకిట్లో వెలుతురుకు పరిచి, కండ్లు మూసుకొని అరచేత్తో తడిమింది. అయిదు చోట్ల వేలు పెట్టి చూపించింది. అయిదు చోట్లా పోగు తప్పి ఉంది. సారంగపాణి భార్య మొగిలమ్మ సూదీ దారం తెచ్చి ఇచ్చింది. బ్రెండా గడప మీదే కూర్చొని ఒకచోట సరిచేసి ఇస్తే, మొగిలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎక్కడ కుట్టిందో దొరకక నోరు వెళ్లబెట్టింది.

"ఈమె చెయ్యి మంచి చెయ్యమ్మా," అన్నాడు సారంగపాణి సరస్వతితో. "బయటికి పంపే సరుకు తప్పులున్నయని వాపస్ వస్తాంది. రేపట్నుంచి రమ్మను. మా ఆడోళ్లకు గూడ నేర్పుమను."

బ్రెండా సరస్వతి ముఖంలోకి చూసింది. అంత ఆశగా తనను ఎవరైనా చూసి ఎన్నాళ్లయిందో. సరస్వతికి అత్త గుర్తొచ్చింది. "ఆమె వెంట నువ్వు గూడ చెడితివి" అనబోయే భర్త గొంతు చెవిలో వినిపించింది. పుట్టింట్లో అమ్మ పోయాక తనకు ఇంకో గడప లేదన్నదీ గుర్తొచ్చింది.

"పని లేదంటున్నాడు," అంది ఇంగ్లీషులో.

బ్రెండా సూదిని మొగిలమ్మ చేతికి తిరిగి ఇచ్చేసింది.

నెల తిరక్కుండా, ఇంకో దారి లేక, బ్రెండా హనుమకొండలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో చేరింది. భద్రమ్మ మిఠాయి పంచింది. మూడో నెలలో ఒక తండ్రి పిల్లవాడి నోటుబుక్కు పట్టుకొచ్చి, సరిగ్గా రాసిన మాటను టీచరమ్మ తప్పుగా దిద్దిందని అందరి ముందూ చూపించాడు. దొరసానికే ఇంగ్లీషు రాదట అని ఆ మాట చౌరస్తా దాకా నడిచొచ్చింది. "గిరాకీలు నవ్వుతాన్రు," అన్నాడు కిషన్ రావు. "నా పరువు తీసినవ్," అన్నాడు గోపాల్, ఆ అబద్ధం పుట్టించినవాడు. బ్రెండా బడి మానేసింది. అన్నం సగం తినేది. మధ్యాహ్నాలు గోడ వైపు తిరిగి పడుకునేది. ఇంగ్లండు నుంచి తన అన్న టికెట్టు పంపించాడని ఆమె చెప్పిన రోజు గోపాల్ వద్దనలేదు. "పోయి రా, జర మనసు నిమ్మలమైతది," అన్నాడు. తిరిగి రాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

బ్రెండా పెట్టె సర్దుతుంటే సరస్వతి తలుపు దగ్గరకు వేసి వచ్చి పక్కన కూర్చుంది. నెలల తరబడి దాచిన మాటను ఆ రోజు బయటికి తీసింది. "కొత్తవాడలో ఆయన..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"రేపట్నుంచి రమ్మన్నడు," అంది బ్రెండా తెలుగులో. "తెలుసక్కా. ఆ మాట అప్పటికే నాకు వచ్చు. రేపట్నుంచి జల్ది రా అని రోజూ నువ్వు పాలామెతో అంటవ్ గదా."

సరస్వతి లేచి తలుపుకు గడియ పెట్టింది.

"మస్తు కోపమొచ్చింది. తెల్లారి కొత్తవాడకు ఒక్కదాన్నే పోయిన. సందు కాడికి గోపాల్ వచ్చి పట్టుకొచ్చిండు. మీ అందరితోని దారి తప్పిందని చెప్పిండు."

దారి తప్పిందని తీసుకొచ్చిన ఆ సాయంత్రం సరస్వతే ఆమె కాళ్లకు నీళ్లు ఇచ్చింది. "మరి నన్ను ఒక్కమాటన్న అడగకపోతివి?"

బ్రెండా చీరలన్నీ మంచం మీదే వదిలేసి పెట్టె మూసింది. "అడిగితే నీకు ఏడుపొచ్చేది. ఏడిస్తే అత్తకు తెలిసేది. నేను పోత. నువ్వు ఈ ఇంట్లనే ఉండాలె గదా."

ఆమెను ఖాజీపేటలో ఢిల్లీ రైలెక్కించి గోపాల్ ఒక్కడే తిరిగొచ్చాడు. మరునాడు మామూలుగానే తెల్లారింది. సరస్వతి వండింది, వడ్డించింది, ఎంగిలి కంచాలు తీసింది. డాబా మీద బట్టలు ఆరేస్తూ ఏదో అనబోయి, ఆ మాట వినేవాళ్లు లేరని ఆగిపోయింది.

నాలుగో రోజు పక్క దుకాణం వాళ్ల నిర్మల పలకరించడానికి వచ్చింది. కిషన్ రావు, గోపాల్ భోజనానికి వచ్చి ఇంట్లోనే ఉన్నారు. భద్రమ్మ కొంగుతో కండ్లు ఒత్తుకుంది. "ఏం జేస్తం బిడ్డా. ఎంత తిరిగినా ఈ ఊర్ల ఆమెకు పనే దొరకకపాయె."

టీ గ్లాసులు పట్టుకొచ్చిన సరస్వతి వాటిని కింద పెట్టింది.

"దొరికింది, అత్తమ్మా. దొరకలేదని నేనే చెప్పిన. మీరే చెప్పమన్నరు."