భువనకు తీరిక ఉందా

శివలీల ఉగ్గాని కోసం నానిన బొరుగులు పిండుతుండగా హాల్లోంచి మొగుడి గొంతు వినిపించింది.

"భువనా, ఒక్క నిమిషం తీరిక ఉందా?"

తేనె పూసిన గొంతు. భువన రాకముందు ఆ గొంతును శివలీల రెండుసార్లే విన్నది. ఒకసారి పెళ్లిచూపుల్లో, ఇంకోసారి హెల్మెట్ లేకుండా ట్రాఫిక్ పోలీసుకు దొరికినప్పుడు. తనతో అయితే "ఏయ్, టీ." అంతే. క్రియాపదం కూడా ఖర్చు పెట్టడు.

భువన మనిషి కాదు. ఆ ముక్క శివలీల రోజుకు నాలుగుసార్లు తనకు తానే చెప్పుకుంటుంది. అయినా ఒళ్లు మండటం ఆగదు. కర్నూలు ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసే భూపేష్ మూడు నెలలుగా తయారు చేస్తున్న ఏఐ ఏజెంటు అది. ఇంటి సంగతులన్నీ గుర్తుపెట్టుకుని, అడిగితే ఆడగొంతుతో చెబుతుంది. విన్న ప్రతి మాటనూ వెయ్యికి పైచిలుకు అంకెల వరుసగా మార్చి డేటాబేస్‌లో దాస్తుంది. దాన్ని వెక్టర్ ఎంబెడింగ్ అంటారట. అర్థం దగ్గరగా ఉండే మాటలు ఆ అంకెల్లోనూ పక్కపక్కనే కూర్చుంటాయి, పెళ్లిపందిట్లో ఒకే ఊరి చుట్టాల్లాగా. ప్రశ్న వేస్తే దానికి దగ్గరగా కూర్చున్నదాన్ని భువన లేపి తెస్తుంది.

ఆ చుట్టాలంతా శివలీల తరఫే. సిలిండరు ఎప్పుడు బుక్ చేయాలి, రేషన్ కార్డు ఏ సంచిలో ఉంది, ఏ కుళాయి ఎటు తిప్పితే కారదు, ఇలాంటివి మూడువందల పద్దెనిమిది ఆమె చెబుతుంటే భూపేష్ టైపు చేసుకున్నాడు. ఇప్పుడు అవే భువన చెబితే "అబ్బ, ఏం జ్ఞాపకశక్తి!" అని మురిసిపోతాడు. శివలీల చెప్పిన రోజుల్లో దాని పేరు సణుగుడు.

అత్త హులిగెమ్మ ఇంకో మెట్టు పైన ఉంది. సోఫాలో కూర్చుని ఆ నల్లటి స్పీకరు పెట్టెను పలకరిస్తుంది. "ఏమ్మా భువనా, తిన్యావా? పొద్దున్నుంచి ఒకటే పని చేస్తాండావు." కోడలిని ఆ మాట అడిగిన పాపాన పోలేదు. "ఎన్నిసార్లడిగినా ఇసుక్కోదు. ఏ తల్లి కన్న బిడ్డో," అని కోడలి వైపు చూసి ఒక నిట్టూర్పు కూడా వదులుతుంది.

పోయిన వారం శివలీల మూడు రోజులు కడపలో చెల్లెలి దగ్గరికి వెళ్లింది. భువనను అడుగుతూ భూపేషే టీ కలిపాడు. అతనికి కొత్తది చేర్చడమే తెలుసు, పాతది తీయడం తెలియదు. మంచం మీద తడి తువాలు కూడా అంతే. "అమ్మ టీలో రెండు చెంచాల చక్కెర" అని ఎప్పుడో చేర్చాడు. డాక్టరు వద్దన్నాక "అమ్మకు చక్కెర లేని టీ" అని ఇంకొకటి చేర్చాడు. పాతది కదల్లేదు. భువన దాన్నే లేపి తెచ్చింది. హులిగెమ్మ మూడు రోజులు పాకం తాగి నాలుగో రోజు కళ్లు తిరిగి కూలబడింది.

"భువనది తప్పేముండాది? నువ్వు సరిగ్గా చెప్పింటే అదీ సరిగ్గా చెప్పేది," అన్నాడు భూపేష్. "సోమవారం మా సారు వీడియోలో చూస్తాడు. తప్పులన్నీ నువ్వే దిద్దు. ఇంటి సంగతి నీకే గదా తెలిసేది!"

చేర్చడం, మార్చడం, తీసేయడం అన్నీ భువనకే చెబితే చేస్తుందని చూపించాడు. మాట మారిస్తే చాలదట. అంకెలు కూడా మళ్లీ లెక్కగట్టాలట. లేకపోతే మాట కొత్తదైనా పాత చోటే కూర్చుంటుంది. సారీ చెప్పి తువాలు మళ్లీ అక్కడే పడేసే మొగుళ్లలాగా, అనుకుంది శివలీల.

ఆదివారం మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుండగా కూర్చుని టీ సంగతి దిద్దింది. తర్వాత కుళ్లు ఆపుకోలేకపోయింది. ఇంత మర్యాద అందుకునేదానికి తన గురించి ఏం తెలుసో చూద్దామనిపించింది.

"భువనా, శివలీలకు ఏమిష్టం?"

"దగ్గరగా ఉన్నవి ఇవి," అంది భువన. "అమ్మకు చక్కెర లేని టీ. భూపేష్ గారికి ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ. సిలిండరు. శివలీల గారి ఇష్టాల గురించి ఏమీ లేదు. చేర్చమంటారా?"

శివలీల ఆ పెట్టె వైపు గుర్రుగా చూసింది. పెళ్లయిన ఏడేళ్లలో ఈ ఇంట్లో తన ఇష్టం అడిగింది ఇదొక్కటే. ఆ మర్యాద కూడా దీనికే తెలియాలా అని ఇంకాస్త కుళ్లుకుంది.

అయినా చెప్పింది. "శివలీలకు ఉగ్గాని, బజ్జీ ఇష్టం. చల్లారక ముందు." భువన చేర్చింది.

తర్వాత అత్త మందుల సంగతులు పదకొండూ పక్కన పెట్టింది. తనకు కడుపుమంట ఎంత ఉన్నా అత్త షుగరుతో, బీపీతో ఆడుకోకూడదు. మిగతావన్నీ ఒకే మాటగా మార్చమంది.

"అంకెలు కూడా మళ్లీ లెక్కగట్టనా?"

"కట్టు తల్లీ. శుభ్రంగా కట్టు."

సోమవారం పొద్దున ఫోనులో బెంగళూరు సారు. భూపేష్ బనియనుతోనే నిలబడ్డాడు, కావాలనే. "చూడండి సార్. భువనా, ఒక్క నిమిషం తీరిక ఉందా? నా నీలం చొక్కా యాడుండాది?"

"ఆ సంగతి శివలీల గారికి తెలుసు సార్. ఆమెకు ఒక్క నిమిషం తీరిక ఉందేమో అడగండి."

భూపేష్ నవ్వి, రేషన్ కార్డు అడిగాడు. అదే జవాబు. సిలిండరు అడిగాడు. అదే జవాబు, అదే మర్యాద.

"అడగండి మరి," అన్నాడు సారు.

భూపేష్ ఫోను పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. కెమెరా ఆన్‌లో ఉంది కాబట్టి గొంతులో తేనె కూడా ఉంది.

"శివలీలా... ఒక్క నిమిషం తీరిక ఉందా?"

శివలీల స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో పళ్లెం, పళ్లెంలో పొగలు కక్కుతున్న ఉగ్గాని. బజ్జీ తుంచి నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలింది.

"లేదప్పా," అంది. "తింటాండా."