కొత్తిమీర కుండీ అంచున గాటు

మా పెళ్లయిన ఇరవై రెండో రోజున ఏడో నంబరు బావిలో నీళ్లు ఇరవై సెంటీమీటర్లు పైకి వచ్చాయి.

ఆ ఇరవై రెండు రోజుల్లో మా సోల్కారి ఊరి మీద చినుకు పడలేదు. అంతకుముందు రెండేళ్లలోనూ పడలేదు. కొలత టేపు కొస నీటికి తగలగానే చేతిలో దాని పెట్టె కీచుమంది. పైపు అంచున నేను ఆకురాయితో పెట్టుకున్న చిన్న గాటు దగ్గర అంకె చదివాను. పన్నెండు మీటర్ల పదిహేడు సెంటీమీటర్లు. పోయిన నెల పన్నెండు ముప్పై ఏడు. టేపు చుట్టి మళ్లీ దించినా అదే. మూడోసారి మా ఆయన ఇలారియో చేత చదివించాను.

"పదిహేడే, పిల్లా. ముద్దిస్తే పదహారంటాను" అన్నాడు.

ముద్దిచ్చాను. పదిహేడే అన్నాడు.

అది నీళ్లు తోడుకునే బావి కాదు, నేల కింద నీరు ఎక్కడుందో చూసుకోవడానికి దించిన ప్లాస్టిక్ పైపు. ఉప్పు మైదానానికి అవతల లిథియం కంపెనీ ఉంది. తీసిన ఉప్పును కడిగి శుద్ధి చేయడానికి దానికి మంచినీళ్లు కావాలి. ఆ నీళ్లు మా ఊటకు అందే నీళ్లే. అందుకే ఊరికీ కంపెనీకీ ఒక ఒప్పందం ఉంది: గాటు నుంచి నీటిదాకా లోతు పన్నెండు నలభై దాటితే కంపెనీ రెండు పంపుల్లో ఒకటి ఆపాలి. దాటనంత కాలం ఆపక్కర్లేదు. ఊరి తరఫున కొలిచే ఉద్యోగం నాది. ఇలారియో వెల్లుల్లి మడి పారేది ఆ ఊట మీదే.

గురువారం సభలో కంపెనీ మూడో పంపు అడగబోతోంది. నీళ్లు పెరిగాయని నా పుస్తకమే చెబితే కాదనడానికి ఊరికి నోరుండదు.

ఎవరిని అడిగినా తలా ఒక కారణం చెప్పారు. మొన్నటి చిన్న భూకంపం వల్ల నేల సర్దుకుందని రొట్టెల దుకాణం ఆవిడ అంది. కొత్త కోడలి కాలు మంచిదని మా అత్తగారు ఊరంతా చాటింది, నేను సిగ్గుపడుతూనే సంతోషించాను. టేపు ఎండకు సాగిందేమోనని ఇలారియో అన్నాడు. సాగింది టేపో తనో తెలియలేదు, రోజూ పది దాటేదాకా మంచం దిగడు. చివరికి కంపెనీ ఇంజినీరు ఒల్గీన్ తన టేపుతో వచ్చి కొలిచాడు. ఆయనకూ పన్నెండు పదిహేడే వచ్చింది. నా చేయి పట్టుకుని ఊపి, మేము నీళ్లు తాగేస్తున్నామని ఇకనైనా అనకండమ్మా అని వెళ్లిపోయాడు. తప్పు నా చేతిలో లేదు, టేపులో లేదు. మరి ఎక్కడుంది? లేక నిజంగానే నీళ్లు పెరిగాయా?

బుధవారం ఉదయం వంటింటి కిటికీలో కొత్తిమీరకు నీళ్లు పోస్తున్నాను. ఆ కుండీ అంటే నాకు ప్రాణం. కాలువలు శుభ్రం చేసే పండుగ మర్నాడు చిన్న మామయ్య ఫకుండో తెచ్చిచ్చిన పెళ్లి కానుక అది. ఎర్రరంగు వేసి, చుట్టూ రంగురంగుల ఉన్ని కుచ్చులు కట్టి, అడుగున రేకు మూత బిగించాడు. ఒక కాడ అంచు మీదికి వాలి ఉంటే సర్దబోయాను. వేలి కొన గాటులో పడింది.

చూపుకు ఏ గాటైనా ఒకటే, వేలికి తగిలితే మాత్రం కళ్లు మూసుకున్నా నా గాటును గుర్తుపడతాను. ఆకురాయి జారి ఎడమ పక్క కొంచెం లోతుగా దిగింది. నా తొలి ఉద్యోగపు తొలి తప్పు.

కుండీ పట్టుకుని మామయ్య ఇంటికి పరిగెత్తాను. ఇలారియో చెప్పులు లేకుండా వెనకే వచ్చాడు.

మామయ్య తాపీగా టీ చల్లార్చుకుంటున్నాడు. పండుగ రోజు నీళ్లు నోరు తెరిచే ప్రతి చోటూ బాగుచేయాలి కదా, మర్చిపోయావా అన్నాడు. కాలువ తూములు కడిగారు, ఊట దగ్గర కోకా ఆకులూ ద్రాక్షసారా నైవేద్యం పెట్టారు. ఏడో నంబరు మాత్రం ఏం పాపం చేసింది? ఎండకు దాని అంచు బీటలిచ్చిందట.

"నీ వేలు తెగుతుందని పై జానెడు ముక్క కోసేశాను, కోడలా. గాటు లేకపోతే నీకు కష్టమని సరిగ్గా అదే పక్కన మళ్లీ గాటు పెట్టాను. చూసుకున్నావు కదా?"

"చూశాను మామయ్యా. గాటే చూశాను, పైపు ఎత్తు చూడలేదు. అందుకే తెలియలేదు."

"నేను పైపు కోస్తే కిందున్న నీళ్లకేమవుతుంది?"

"నీళ్లకేం కాదు. నా లెక్కకే అయింది."

ఆయనకు అర్థం కాలేదు. అందంగా చేసినందుకు ఈ గొడవేమిటని ఇలారియోని అడిగాడు.

గురువారం సభ మధ్యలో అందరినీ బావి దగ్గరికి రమ్మన్నాను. కుండీలోంచి మట్టితో సహా కొత్తిమీరను తీసి ఇలారియో టోపీలో పెట్టాను. మామయ్య రేకు మూత ఊడదీశాడు. ఆయన రంపం కాస్త వంకరగా నడిచింది, ఆ వంకరే మాకు సాక్ష్యమైంది. ముక్కను పైపు మీద పెట్టి మెల్లగా తిప్పాను. పాత గాటు కొత్త గాటుకు సూటిగా వచ్చినచోట రెండు వంకరలూ కలిశాయి, మధ్యలో వెంట్రుక దూరే సందు లేదు.

ఒల్గీన్ కిందికి వంగి చుట్టూ చూశాడు. తన టేపు తనే దించాడు. పెట్టె కీచుమంది. చదవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"పన్నెండు నలభై రెండు" అన్నాడు. ఇంకోసారి దించాడు. తన పుస్తకంలో రాసి, నా పుస్తకంలోనూ సంతకం పెట్టాడు. మూడో పంపు ఊసెత్తలేదు. ఉన్న రెండింట్లో ఒకటి సోమవారం నుంచి ఆగుతుందన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. కోడలి కాలు మంచిదని అత్తగారు మళ్లీ మొదలుపెట్టింది. నేనూ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. నీళ్లు పెరిగాయన్న రోజున భయపడ్డాను. నెలలో అయిదు సెంటీమీటర్లు తగ్గాయని తేలిన రోజున అందరం నవ్వుతున్నాం. దేనికి సంతోషించాలో నాకు అర్థం కాలేదు.

ముక్కను పైపుకే అతికించేయమని ఒల్గీన్ తన మనిషికి చెప్పాడు. ఉన్ని కుచ్చులు విప్పొద్దని నేను అడిగాను.

ఇలారియో పక్కకు వచ్చి నిలబడ్డాడు. టోపీలోంచి మట్టినీళ్లు అతని చొక్కా మీద కారుతున్నాయి.

"దీన్నెక్కడ పెట్టమంటావు?" అన్నాడు.

"నీ వెల్లుల్లి మడిలో, గట్టు పక్కన" అన్నాను.