టించరు కలిపిన ఉప్పు

పెళ్ళయి కొండమీదికి వెళ్ళే రోజున రాహీల్ సంచి నేనే సర్దాను. రెండు ఉన్ని దుప్పట్లు, మరియమ్మ పటం, కుట్టుపెట్టె, ఎండబెట్టిన పుదీనా. అన్నిటికీ అడుగున, గుడ్డసంచిలో పది కిలోల ఉప్పు. మా మడుల్లో మేమే పండించిన రాళ్ళుప్పు.

రాహీల్ సంచి ఎత్తబోయి మళ్ళీ కింద పెట్టింది.

“ఏంటమ్మా ఇది, పెళ్ళికూతుర్ని పంపుతున్నావా, ఉప్పు బస్తాని పంపుతున్నావా? బస్సువాడు దీనికీ ఒక టిక్కెట్టు కొడతాడు.”

“కొట్టనీ. ముందు ప్రమాణం చెయ్యి.”

“దేనిమీద?”

“ఈ ఉప్పు మీద. నీ వంటింట్లోకి మిషను ఉప్పు రాకూడదు. ఇస్బిర్ కొట్టు పొట్లం కంటబడితే పొయ్యిలో పడెయ్.”

“ఉప్పు కాలదమ్మా.”

“అయితే పెంటలో పడెయ్.”

పకపకా నవ్వి, సంచి మూతి విప్పి, అరచెయ్యి ఉప్పులో పెట్టి ప్రమాణం చేసింది. అప్పటికి దానికి పంతొమ్మిదేళ్ళు. ఎవరు ఎక్కడికి బయలుదేరినా నాకు భయం. గడప దాటిన కాలు మళ్ళీ లోపలికి వస్తుందా అని దారి చూడటం నా చిన్నప్పటి జబ్బు. కానీ ఆ రోజు నాలో భయం కంటే పగ పెద్దది. ఒక్కగానొక్క పిల్ల ఏం తినాలో ఆ పగే నిర్ణయించింది.

ఇస్బిర్ మా ఆయన నికోలాకు తమ్ముడి కింద లెక్క. సముద్రపొడ్డున మా ఊరు అన్‌ఫేలో మా మడుల ఉప్పంతా ముప్ఫై ఏళ్ళు అతనే కొన్నాడు. కొండ ఊళ్ళ వాళ్ళు జున్నుకీ ఆలివ్ ఊరగాయకీ అతని కొట్లోనే తీసుకునేవాళ్ళు. ఆదివారం చర్చి అవగానే మా ఇంటికి వచ్చి, పిలవకుండానే పీట వాల్చుకుని కూర్చునేవాడు. అలాంటి మనిషి ఒక ఏడాది సెప్టెంబరులో వచ్చి, ఒడ్డున పోగేసిన ఉప్పు రాశుల వంక చూసి, “ఈసారి వద్దు అన్నా” అన్నాడు. ఓడల మీద విదేశీ ఉప్పు వచ్చిందట. మంచులా తెల్లగా, పిండిలా మెత్తగా, పొట్లాల్లో. మర్నాడు చర్చి వాకిట్లో పదిమందిలో నవ్వుతూ అన్నాడు: “కొంగల రెట్టా ఆడవాళ్ళ కాళ్ళ చెమటా కలిసిన ఉప్పు ఇంకెన్నాళ్ళు తింటారయ్యా?”

మేం వేరే బేరం వెతుక్కునేలోగా అక్టోబరు వాన వచ్చింది. రెండు పూటలు కురిసింది. అయిదు నెలల ఉప్పు కరిగి, వచ్చిన చోటికే పోయింది. నికోలా మడులకు సముద్రపు నీళ్ళు తోడే గాలిమర కింద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. గొనెపట్టాలు కప్పుదాం లేవయ్యా అంటే లేవలేదు. ఆ శీతాకాలంలోనే పోయాడు. గుండె అన్నారు. నేను మాత్రం ఇస్బిర్ అన్నాను.

నేను బడికి పోలేదు. చేపలు చుట్టి తెచ్చిన పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ చదువే నా పగకు పనికొచ్చింది.

రాహీల్ కాపురానికి వెళ్ళిన నలభై రోజులకు చూడ్డానికి వెళ్ళాను. ఆ ఊరి పేరు ఐన్ జౌజ్. ఆడవాళ్ళందరూ ఊట దగ్గర జున్నుకుండలు కడుగుతున్నారు. వియ్యపురాలు ఉమ్ ఆసాఫ్ పక్కన ఇస్బిర్ పొట్లం. తీసి చూశాను. అడుగున సన్నటి అక్షరాల్లో ‘అయోడిన్ కలపబడినది’ అని ఉంది.

“అమ్మలారా, మీ పిల్లాడికి మోకాలు చీరుకుపోతే ఏం రాస్తారు?” అన్నాను.

“టించరు,” అన్నారు.

“మండుతుందా?”

“ఎందుకు మండదు, ఊరంతా లేచేలా ఏడుస్తాడు.”

“ఆ టించరులో ఉండేదే ఈ ఉప్పులో కలిపారు. ఇదిగో, పొట్లం మీద వాళ్ళే ఒప్పుకున్నారు. పుండును మాడ్చే మందు మీ కడుపులోకి వెళ్ళి ఊరుకుంటుందా? ఆ దేశాల్లో ఆడవాళ్ళకు ఒక్కరో ఇద్దరో, అంతకు మించి పుట్టరట. ఎందుకనుకున్నారు?”

కుండలు కడిగే చేతులు ఆగిపోయాయి. ఉమ్ ఆసాఫ్ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు.

“ఇది నీ మాటా వదినా, ఎవరైనా పెద్దలు చెప్పిన మాటా?”

రొమ్ము దగ్గర దోపుకున్న పేపరు మడత తీశాను. గొంతు సవరించుకుని చదివాను. సముద్రపు ఉప్పు ఎండా గాలీ తిన్న ఉప్పు, అందులో ఒంటికి కావలసినవన్నీ ఉన్నాయి, మిషను ఉప్పులో ప్రాణం లేదు, ఆడవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు, ఇది బేరూత్ పెద్ద డాక్టర్ల మాట. తడబడకుండా చదివాను. ఆ కాగితంలో ఉన్నది బేరూత్ రేవుకు వచ్చే ఓడల పట్టిక.

రాహీల్ నా పక్కనే నిలబడి, మా అమ్మకు చదువొచ్చు అన్నట్టు అందరి వంకా చూసింది.

టించరు సంగతి మాత్రం నేను నిజంగానే నమ్మాను. కాగితం అబద్ధం. రెంటినీ కలిపి చెబితే ఆ ఆడవాళ్ళు ఆ సాయంత్రమే పొట్లాలు విప్పి వాగులో పోశారు. రెండేళ్ళలో ఆ మాట ఏడు ఊళ్ళు తిరిగింది. పెళ్ళి సంబంధాలు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు “మీ ఇంట్లో ఏ ఉప్పు?” అని అడగడం మొదలుపెట్టారు. ప్రతి సెప్టెంబరులో మా ఉప్పు లారీకెత్తి పైకి పంపేదాన్ని. ఇస్బిర్ గోదాములో పొట్లాలు చెమ్మెక్కి రాళ్ళయిపోయాయి.

ఒక జులై మధ్యాహ్నం అతనే మడుల దగ్గరికి వచ్చాడు. నేను ఉప్పు గీస్తున్నాను.

“వదినా, చేతులు పుళ్ళు పడ్డాయే. టించరు పంపించనా?”

“పంపు. నీ కొట్లో బోలెడు మిగిలిందిగా.”

“నా ఉప్పు తింటే గొడ్రాళ్ళవుతారన్నావట. నా కోడలు అదే తిని కవలల్ని కన్నది. పురుడు చూడ్డానికైనా రాలేదు నువ్వు.”

“నీ కోడలు గుర్రంలాంటిది. గడ్డి పెట్టినా కంటుంది.”

నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి మడి గట్టు మీద కూలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. నాకు ఆనందంగా ఉంది.

“ఎందుకు వదినా ఇదంతా? ఒక్క వాన గురించా?”

“నికోలా గురించి.”

“నికోలా నాకూ అన్నే.”

“అన్న ఇంట్లో ముప్ఫై ఏళ్ళు ఉప్పు తిన్నావు ఇస్బిర్. చివరికి ఆ ఉప్పునే మురికి అన్నావు.”

గట్టు మీద పడిన ఉప్పురాయి ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “అన్నాను. నోటిదూల. నన్ను ఏమైనా చెయ్యి. కానీ కొండ మీద వాళ్ళకి ఆ మందు కావాలట వదినా. అది లేకపోతే మెడలు వాస్తాయట, పిల్లలు సరిగా పుట్టరట. ఓడ మీద వచ్చినాయన చెప్పాడు. నీ పిల్ల కూడా అక్కడే ఉంది.”

“నా మెడ చూడు!” తలగుడ్డ లాగి చూపించాను. “నలభై రెండేళ్ళుగా ఈ ఉప్పే. కొంగ మెడలా ఉందా లేదా? వాపు నా మెడకు కాదు, నీ కొట్టుకు వచ్చింది.”

లేచి వెళ్ళిపోయాడు. ఆ ఏడాదే కొట్టు మూశాడు. 1971లో పోయాడు. చావింటికి వెళ్ళాను. చేదు కాఫీ అందరికీ ఇచ్చారు, తాగితే పగ వదిలినట్టని నేను తీసుకోలేదు. శవం తల దగ్గర కూర్చుని నా చేతుల వంక చూసుకున్నాను, ఒక పని పూర్తి చేసిన చేతుల్ని చూసుకున్నట్టు. ఇప్పుడు అతని మనవడే సముద్రపు ఉప్పును చిన్న చిన్న నారసంచుల్లో పోసి, ‘ఆరోగ్యానికి మేలు’ అని అచ్చు వేసి బేరూత్‌లో అమ్ముతున్నాడు. ఆ సంచులు చూస్తే నాకు నవ్వు రాదు.

రాహీల్ మొదటి కాన్పు ఏడో నెలలో పోయింది. రెండోది పురిట్లోనే పోయింది. నాకు వెంటనే తట్టింది ఒక్కటే: ఉమ్ ఆసాఫ్ దొంగచాటుగా కూరల్లో మిషను ఉప్పు వేస్తోంది. ఉత్తరం రాశాను. ‘అత్తగారిని నమ్మకు. వంట నువ్వే చెయ్యి. ఉప్పు కొంచెం ఎక్కువే వెయ్యి.’ ఆ సెప్టెంబరులో ఇరవై కిలోలు పంపాను.

మూడోసారి పుట్టిన వర్దే బతికింది. బొద్దుగా, పెద్ద నాలుకతో, అస్సలు ఏడవని పిల్ల. “ఎంత బుద్ధిమంతురాలో” అన్నాను నేను. ఏడాదిన్నరకు గిన్నె జారి నేల మీద మోగితే మేమందరం ఉలిక్కిపడ్డాం, పిల్ల తల తిప్పలేదు. అదే రోజు రాహీల్ పూసలదండ మెడకు పట్టక దారం మార్చుకుంటోంది. కాపురం ఒంటబట్టింది, మెడ నిండింది అని ముద్దు పెట్టుకుని వచ్చేశాను. అక్కడ సగం మంది ఆడవాళ్ళ మెడలు అలాగే ఉండేవి.

1973లో, సిలువ పండుగ నాటి ఉదయం, రాహీల్ వర్దేను చంకనెత్తుకుని వచ్చింది. ముందుగా కబురు లేదు. నేను తలుపు దగ్గరే పట్టుకుని ఏడ్చేశాను. “నా బంగారం, నువ్వే నన్ను మట్టిలో పెట్టాలి,” అన్నాను, మా వైపు తల్లులందరూ ముద్దుకు అన్నట్టే. అది నా చేతులు విడిపించుకుని చాప మీద కూర్చుంది. దాని గొంతు దగ్గర నిమ్మకాయంత కాయ. మాట్లాడుతుంటే పైకీ కిందికీ కదిలేది. గొంతు బొంగురుపోయింది.

“బడికి డాక్టరమ్మ వచ్చి అందరి మెడలూ చూసిందమ్మా. ఊళ్ళో నలభై మందికి ఉంది. ఏ ఉప్పు తింటారని అడిగింది. అందరూ నా వంక చూశారు.”

“ఆవిడ ఇస్బిర్ మనిషి అయుంటుంది.”

“ఇస్బిర్ చచ్చి రెండేళ్ళయింది.”

“చచ్చినా వాడి డబ్బు తిరుగుతుంది.”

“అమ్మా, విను. నన్ను చెప్పనీ.” ఊపిరి తీసుకోవడానికి ఆగింది. “సముద్రపు ఉప్పు, కొట్టు ఉప్పు, రెండూ ఉప్పేనట. నీదేం గొప్పది కాదు, వాళ్ళదేం విషం కాదు. తేడా ఆ మందొక్కటే. సముద్రపు ఉప్పులో అది లేదట, ఎండకు ఎగిరిపోయేంత కాస్త తప్ప. మా కొండ మట్టిలో అసలే లేదట, మంచు కడిగేసిందట.”

“లేకపోతే నా మెడకు రాలేదేం?”

“నువ్వు రోజూ చేపలు తింటావు కదమ్మా. చేపల్లో ఉంటుందట. మాకు చేప ఎక్కడిది? కడుపులో ఉన్నప్పుడే అది అందకపోతే పిల్లకు చెవీ తెలివీ రావట. నేను ఏం తిన్నానో నీకు తెలుసు. ప్రమాణం చేసి మరీ తిన్నాను.”

వర్దే చాప అంచు పీకుతోంది.  ఇస్బిర్ మడి గట్టు మీద కూర్చుని ఇవే మాటలు చెప్పాడని దానికి తెలియదు. నేను చెప్పలేదు.

“ఒక్క సంగతి అడగాలని వచ్చాను,” అంది రాహీల్. “ఊట దగ్గర ఆ రోజు నువ్వు చదివిన కాగితంలో ఏం రాసుంది?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. దాని గొంతు దగ్గరి కాయ కదలకుండా నిలబడి ఉంది, ఊపిరి బిగబట్టినట్టు.

“ఓడల పట్టిక,” అన్నాను. “ఏ ఓడ ఎప్పుడు వస్తుందో.”

“ఉప్పు గురించి?”

“ఒక్క ముక్క లేదు.”

తల ఊపింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను గబగబా లేచి, మాంసమూ పాలూ ముట్టని ఉపవాసపు రోజు కనక ఉన్నదే వడ్డించాను. రొట్టె, ఆలివ్ కాయలు, ఉల్లిపాయ వేసిన పప్పు, చిన్న పింగాణీ గిన్నెలో ఉప్పు. రాహీల్ కదల్లేదు. వర్దే చెయ్యి చాపి రొట్టె తుంచుకుంది. రాహీల్ ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, ముక్క తీసి పళ్ళెంలో పెట్టేసి, తలగుడ్డ అంచుతో దాని అరచెయ్యి తుడిచింది. తన మూటలోంచి కొండ రొట్టె తీసి ఇచ్చింది.

“పొద్దున్నుంచీ ఏం తిని ఉంటావు తల్లీ, ఒక్క ముద్ద...”

“ఆకలి లేక కాదమ్మా. నీ ఇంట్లో ఉప్పు ముట్టుకున్నానంటే రేపటి నుంచి నీ మీద కోపం పెట్టుకునే హక్కు నాకు ఉండదు. నాకు ఆ కోపం కావాలి. ఇంకేం మిగల్లేదు నాకు.”

“ఎన్నాళ్ళు?”

“నువ్వు ఇస్బిర్ మీద ఎన్నాళ్ళు పెట్టుకున్నావు?”

మంచినీళ్ళు కూడా తాగలేదు. పిల్లను చంకనెత్తుకుని లేచింది. బస్సు దాకా వెనకాలే నడిచాను. దారి పొడుగునా ఏదో ఒకటి అంటూనే ఉన్నాను, ఆ మడులు ఎవరికో ఒకరికి ఇచ్చేస్తానన్నాను, కొండమీది ప్రతి ఇంటికీ వెళ్ళి నిజం చెబుతానన్నాను. అది వెనక్కి తిరగలేదు. వర్దే మాత్రం దాని భుజం మీంచి నా పెదవులు కదలడం చూస్తూ ఉంది.

నిజం చెప్పడానికి వెళ్ళాను. ఏడు ఊళ్ళూ తిరిగాను. అయిదు ఊళ్ళు నమ్మాయి. ఐన్ జౌజ్‌లో ఉమ్ ఆసాఫ్ నన్ను వాకిట్లోనే నిలబెట్టి, కోడలు ఇంట్లో లేదని చెప్పింది. లోపల రాహీల్ మగ్గం చప్పుడు వినపడుతూనే ఉంది.

నా కూతురు రాహీల్ 1973 సెప్టెంబరు పద్నాలుగు, శుక్రవారం, ఉదయం పదిన్నర బస్సుకు వెళ్ళింది. మళ్ళీ రాలేదు.