తల్లిసీసా

గాజుమామ మరిగే నీళ్ళలోంచి సీసాలను పట్టకారుతో తీసి ఒక్కొక్కటే బోర్లిస్తున్నాడు. ఆ పరిశోధనశాలలో సీసాలు కడగడమే అతని ఉద్యోగం, అందుకే ఆ పేరు. పొట్టి మనిషి. నీళ్ళలో నాని నాని పాలిపోయిన వేళ్ళు, ఎవరు పిలిచినా బెదిరే కళ్ళు.

పక్క గదిలో రక్తనాళాల లోపలి పొరను గాజుపళ్ళేల్లో పెంచి, దానిమీద మూలికల రసం పోసి చూస్తారు. రసం తగిలిన పొర చెక్కుచెదరదట. ఆ మాట చెవినపడ్డప్పటి నుంచీ గాజుమామకు నిద్ర లేదు. భార్యకు గుండె నాళాలు పాడవుతున్నాయని డాక్టరు చెప్పి ఉన్నాడు మరి. ఆ గదిలో అన్ని సీసాల్లోకీ రసం వెళ్ళేది తల్లిసీసాలోంచే. తల్లి అన్నాక చెడుపు చేస్తుందా అనుకున్నాడు, వెర్రిబాగులవాడు. దాంట్లోంచి రోజూ మూతెడు దొంగతనంగా ఇంటికి తీసుకెళ్ళి భార్యకిస్తున్నాడు.

ఇవాళ పరిశోధకురాలు తల పట్టుకుని బయటికొచ్చింది.

"అయ్యయ్యో, తల్లిసీసాలోది నీళ్ళు కలపకుండా పోసేశాను మామా! పొరంతా ఊడొచ్చేసింది."

గాజుమామ చేతిలోని సీసా తొట్టిలోకి జారింది.

"అది... మనిషి తాగితేనో, అమ్మా?"

"బాబోయ్! తల్చుకుంటేనే భయమేస్తోంది. ఎందుకలా అడిగావు?"

"ఊరికే."

చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే మనిషే పోతుంది. కడుపునొప్పని చెప్పి బస్సెక్కాడు. పొద్దున భార్య కణతలు నొక్కుకుంటూ తలుపేసుకోవడం గుర్తొచ్చింది. చేజేతులా చంపుకున్నానా అని దారంతా తనని తాను తిట్టుకున్నాడు. ఇంటికి మూడంతస్తులు పరుగున ఎక్కాడు.

భార్య తలుపు తీసింది, చేతిలో గరిటెతో.

"ఏంటండీ ఆ చెమటలు?"

"ఆ మందు... తాగావా?"

"ఛీ! ఆ చేదు ఎవరు తాగుతారు? మీరు అటు తిరగ్గానే తూములో పోసేస్తున్నా. చెబితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నా."

"నిజంగా?"

"మీ మీదొట్టు."

గాజుమామ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "అమ్మయ్య," అన్నాడు.

ఆవిడ మంచినీళ్ళు తెచ్చేసరికి తల భుజం మీదికి వాలి ఉంది. "ఏవండీ, అప్పుడే కునుకా?" అంటూ తట్టింది. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచిన పిలుపు కింది వీధి దాకా వినబడింది.

ఇరుగుపొరుగు పైకి పరిగెత్తుకొచ్చారు. మెట్ల మలుపులో అతని ఎడమకాలి చెప్పు ఒకటి బోర్లా పడి ఉంది. వచ్చేవాళ్ళంతా దాన్ని దాటుకుంటూ వస్తున్నారు.